రూలు మారితే ఖర్చు తగ్గుతుందా?

స్టార్టరు ఉండదు, గేర్లు మార్చే పనిలేదు. వెనక నుంచి ట్రక్కుతో నెడితేగానీ కదలదు. కదిలిందా... ఇక దాన్ని పట్టుకోలేం! డ్రైవరుతో కలిపి బరువు సుమారు 650 కిలోలే. ఇంజిను శక్తి మాత్రం దాదాపు 900 హార్స్‌పవర్‌. అమెరికా మట్టి ట్రాకులపై దుమ్మురేపే స్ప్రింట్‌ కారు ఇది.

ఏడాదంతా దేశం చుట్టే స్పాన్సర్ల జట్లు ఇందులో ఒకవైపు. వారమంతా ఉద్యోగాలు చేసుకుని, శనివారం ఇంటిల్లిపాదీ కారును ట్రైలరెక్కించుకుని వచ్చే చిన్న జట్లు మరోవైపు. పెద్ద తరగతిలో వాడే 410 క్యూబిక్‌ అంగుళాల ఇంజిను ఒక్కటే 50 వేల డాలర్లు దాటుతుంది. తరచూ విప్పి బాగుచేయించే ఖర్చు అదనం.

అందుకే ఖరీదైన లోహాలు వద్దనీ, అందరూ ఒకే రకం టైర్లు వాడాలనీ నిర్వాహకులు రూల్సు పెడుతుంటారు. చిక్కంతా అక్కడే. రూలు మారగానే షెడ్డులోని పాత భాగం మూలనపడుతుంది. కొత్తది కొనడం పెద్ద జట్టుకు లెక్కే కాదు. చిన్న జట్టుకు ఆ సీజన్‌ బడ్జెట్టే తలకిందులు. పైగా టైర్లలో మిగిలింది పెద్ద జట్లు షాక్‌ అబ్జార్బర్ల మీద, టెస్టింగు మీద పెడతాయి. తేడా ఎక్కడికీ పోదు!

ఫలితమిచ్చిన దారీ ఉంది. వర్జీనియాలో మొదలైన ‘రేస్‌సేవర్‌’ తరగతిలో 305 అంగుళాల చిన్న ఇంజినే వాడాలి. బ్లాకు ఇనుముదే. సిలిండర్‌ హెడ్లు అందరికీ ఒకటే. తనిఖీ చేసి సీలు వేస్తారు. డబ్బున్నా కుమ్మరించే చోటు తక్కువ. పైగా రూల్సు ఊరికే మారవు కాబట్టి ఈ ఏడాది కొన్నది వచ్చే ఏడాదీ పనికొస్తుంది.

దీంతో చిన్న జట్టుకు కప్పు వస్తుందన్న భరోసా లేదు. వచ్చే శనివారం కూడా ట్రాకు మీద ఉండొచ్చు. వాళ్లకు కావాల్సింది ముందు అదేగా!