విహారయాత్రలు – వెంట వెళ్ళే పంతులు

విహారయాత్ర విద్యలో అంతర్భాగమని బి.ఇడి. పాఠ్యగ్రంథాలన్నీ ఒప్పుకుంటాయి. ప్రయోజనాలు ఇన్ని, పరిమితులు ఇన్ని అని వరసగా రాస్తే పరీక్షలో మార్కులు కూడా పడతాయి. అయితే 46 మంది పిల్లల్ని బస్సు దింపి, రోడ్డు దాటించి, మళ్ళీ ఆ 46 మందినే బస్సు ఎక్కించడం ఎలాగో మాత్రం ఆ గ్రంథాల్లో నాకు కనబడలేదు. ఈ కళాశాల వదిలి బడిపంతులు ఉద్యోగంలో చేరిన నాలుగేళ్ళలో ఏడు యాత్రలకు పిల్లల వెంట వెళ్ళాను. ఈ సంచిక చదివే మిత్రుల్లో చాలామంది రేపు డి.ఎస్.సి. రాసో, ప్రైవేటు బడిలో చేరో ఇదే పనికి వస్తారు. అందుకని నాకు తోచిన నాలుగు మాటలు చెప్పదలచుకున్నాను.

బడిలో యాత్ర అనగానే వెంట ఎవర్ని పంపుతారు? కొత్తగా చేరినవాణ్ణి. వాడికి పెళ్ళి కాలేదు, ఇంట్లో చంటిపిల్లలు లేరు, మోకాళ్ళ నొప్పులు లేవు, అన్నిటికన్నా ముఖ్యంగా ‘నేను పోనండీ’ అనే ధైర్యం లేదు. ‘కుర్రాడివి, సరదాగా తిరిగిరావోయ్’ అని పెద్ద మాష్టార్లు భుజం తడతారు. ఎక్కడికి పోవాలో కరస్పాండెంటుగారు నిర్ణయిస్తారు. ఏ బస్సో, ఏ తేదీయో, తలకు ఎంత వసూలు చెయ్యాలో, ఎన్ని చోట్లు చూపించాలో ఆఫీసుగదిలో తేలిపోతుంది. అన్నీ తేలాక పేర్ల జాబితా, ఒక విజిలు, ప్రథమచికిత్స పెట్టె తెచ్చి కుర్రపంతులు చేతిలో పెడతారు. ఏదన్నా జరిగితే జవాబు చెప్పవలసింది మాత్రం అతనే! పెత్తనం ఒకరిది, పూచీ మరొకరిది. నా అభ్యంతరమల్లా ఇక్కడే.

ఇది ఊరికే కడుపుమంటతో అంటున్న మాట కాదు. 2007 ఫిబ్రవరి 20న కేరళలో తట్టెక్కాడు దగ్గర పడవ మునిగి, యాత్రకు వచ్చిన బడిపిల్లలు 15 మంది పోయారు. వాళ్ళతోపాటు ముగ్గురు ఉపాధ్యాయులూ పోయారు. 2024 జనవరి 18న వడోదరలో హర్ణీ చెరువులో పడవ తిరగబడి 12 మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయినులు మరణించారు. రెండుచోట్లా పడవ మోయగలిగినదానికన్నా ఎక్కువమందిని ఎక్కించారు. 2022 అక్టోబరు 5 రాత్రి కేరళలోనే వడక్కంచేరి దగ్గర, ఊటీకి బయలుదేరిన బడి యాత్ర బస్సు ముందు పోతున్న ఆర్టీసీ బస్సును వెనకనుంచి గుద్దుకుంది. చనిపోయిన 9 మందిలో అయిదుగురు విద్యార్థులు, ఒకరు ఉపాధ్యాయుడు. ఇక 2014 జూన్ 8 సాయంత్రాన్ని మన తెలుగువాళ్ళెవరూ మరచిపోలేరు. హైదరాబాదునుంచి వెళ్ళిన ఇంజనీరింగు విద్యార్థులు హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది రాళ్ళమీద ఫొటోలకు నిలబడ్డారు. ఎగువన లార్జీ జలవిద్యుత్ కేంద్రం వాళ్ళు నీళ్ళు వదిలారు. 24 మంది విద్యార్థులు, వెంట ఉన్న టూరు నిర్వాహకుడు ఒకరు కొట్టుకుపోయారు.

ఈ వార్తలు చదివినప్పుడల్లా నాకు ఒకటే ఆలోచన. అలాంటి పడవ ఎక్కేముందు వెంట వచ్చిన పంతుళ్ళలో ఎవరో ఒకరికి ‘ఇంతమందా?’ అని మనసులో అనిపించి ఉండదా? అనిపించినా, ఆ మాట పైకంటే వినేవాడెవడు?

నా సంగతే చెబుతాను. రెండేళ్ళకిందట ఒక చెరువు దగ్గర బోటు షికారు. బోటుమీద 20 మందికే అని రాసి ఉంది. పిల్లలు 46 మంది, పెద్దలం ముగ్గురం. లైఫ్ జాకెట్లు లెక్కపెడితే 17 తేలాయి, అందులో మూడింటికి బకిల్సు లేవు. ‘రోజూ చేసేదే సార్, రెండు ట్రిప్పుల్లో అయిపోద్ది’ అన్నాడు బోటు అతను. గట్టి జాకెట్లు 14 ఉన్నాయి కనుక 12 మంది పిల్లలు, ఇద్దరు పెద్దలు చొప్పున నాలుగు ట్రిప్పులు వెయ్యాలన్నాను. అతను విసుక్కున్నాడు. బస్సు డ్రైవరు విసుక్కున్నాడు. బడికి ఫోను వెళ్ళింది. ‘డబ్బు కట్టేశాం మాష్టారూ, చీకటి పడకముందు పార్కు కూడా చూపించాలి, సర్దుకుపొండి’ అన్నారు అవతలనుంచి. నేను సర్దుకుపోలేదు. నాలుగు ట్రిప్పులూ అయ్యేసరికి పొద్దు వాలింది, పార్కు తప్పిపోయింది. సోమవారంనాడు, టూరు ప్రోగ్రాము ప్రకారం ఎందుకు జరగలేదో సంజాయిషీ ఇమ్మని కాగితం వచ్చింది. ‘బోటేం మునగలేదు కదయ్యా’ అని ఒక పెద్దాయన నాతో వాదించారు కూడా. మునిగి ఉంటే సంజాయిషీ ఎవర్ని అడిగేవారో ఆయన చెప్పలేదు.

అయితే యాత్రలే మానెయ్యమంటారా అని మీరు అడగవచ్చు. ప్రమాదం జరిగిన వారం పదిరోజులూ అలాగే అంటారు చాలామంది. మానెయ్యడం సులువే. కాని పోగొట్టుకునేదేమిటో తెలిసి మానెయ్యాలి. ఒక ఏడు పిల్లల్ని నాగార్జునకొండకు తీసుకెళ్ళాం. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, 1954 నుంచి 1960 దాకా జరిగిన తవ్వకాలు, నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ చేసిన శంకుస్థాపన – ఇదంతా నేను క్లాసులో చెప్పిందే, ఒక్కడి చెవికీ ఎక్కలేదు. లాంచీ నీళ్ళ నడిమికి వచ్చాక, ‘మనకింద ఒక లోయ ఉందర్రా, అందులో విహారాలు ఉండేవి, ఊళ్ళు ఉండేవి’ అన్నాను. గోల ఆగిపోయింది. నీళ్ళలోకి వంగి చూడబోయినవాళ్ళను కేకలేసి కూర్చోబెట్టాననుకోండి. వెనకబెంచీలో మూడేళ్ళుగా నిద్రపోతున్నవాడొకడు, ‘మరి ఆ ఊళ్ళవాళ్ళు ఎటుపోయారు సార్?’ అన్నాడు. వాడు నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. తరవాత అనుపులో, లోయలోనుంచి తెచ్చి మళ్ళీ పేర్చిన ప్రేక్షకశాల మెట్లమీద కూర్చుని కూడా వాడు వదల్లేదు. రాళ్ళను ఇంత జాగ్రత్తగా తెచ్చారు కదా, మనుషుల్ని ఎక్కడ పెట్టారని. ఇంటికి పోయి వాళ్ళ తాతను కూడా అడిగి వచ్చాడు. ఇలాంటిది నల్లబల్లమీద పుట్టదు.

కనుక యాత్ర ఉండాలి. ఎలా ఉండాలో చెప్పే హక్కు పిల్లల్ని ఎరిగినవాడికి ఉండాలి. చిన్న సంగతులే చూడండి. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు, జూపార్కుకు సోమవారం సెలవు, నాగార్జునకొండ మ్యూజియం కూడా శుక్రవారం తెరవరు. గేటు ముందు బస్సులు ఆపుకొని బిక్కమొహాలు వేసిన బళ్ళను చూశాను. తేదీ వేసేముందు సోషలు మాష్టారిని పిలిచి ఒక్క మాట అడిగితే పోయేదేముంది?

ఆడపిల్లల సంగతి మరీ ముఖ్యం. ఈ విషయం నాకు నేర్పింది మా సహోపాధ్యాయిని ఒకావిడ. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆవిడ పిల్లల ముఖాలు కాదు, నీళ్ళ సీసాలు చూస్తుంది. మగపిల్లల సీసాలు ఎప్పుడో ఖాళీ. ఆడపిల్లలవి పొద్దున నింపినవి నింపినట్లే ఉంటాయి. దారిలో మరుగుదొడ్డి దొరకదని తెలిసి, మండుటెండలో కూడా గుక్కెడు నీళ్ళు తాగకుండా కూర్చుంటారు. ఎవరికీ చెప్పరు. చెప్పుకోవడానికి ఆడ టీచరు లేని యాత్రలో ఇక అడగనే అక్కర్లేదు. ఆవిడ ఇప్పుడు యాత్రకు ముందే దారి పొడుగునా శుభ్రమైన మరుగుదొడ్డి ఉన్న బంకు ఎక్కడ, బస్టాండు ఎక్కడ అని కనుక్కొని, ‘ఇక్కడిక్కడ ఆగుతాం’ అని ఆడపిల్లలకు ముందురోజే చెబుతుంది. అంతే, సీసాలు ఖాళీ అవుతాయి. ఇందుకు అరగంట ఆలస్యమవుతుందని ఆఫీసులో ఏటా సణుగుతారు.

డబ్బు సంగతీ అంతే. ఊటీ, మైసూరు అని కాగితం పంచగానే క్లాసులో సగంమంది వంచిన తల ఎత్తరు. ‘ఆ రోజు మా అమ్మమ్మగారి ఊళ్ళో జాతర సార్’ అంటుంది ఒక పిల్ల. జాతర ఎప్పుడో అయిపోయిందని నాకు తెలుసు, నాకు తెలుసని ఆ పిల్లకూ తెలుసు. యాత్రరోజున ఇలాంటివాళ్ళందర్నీ మరో క్లాసులో కలిపి కూర్చోబెడతారు. తిరిగివచ్చినవాళ్ళ కబుర్లు వారంరోజులు వినవలసింది కూడా వీళ్ళే. ఇరవైమంది పోయే నాలుగు రోజుల ఊటీకన్నా క్లాసంతా పోయే ఒక్కరోజు యాత్ర మేలని నా అభిప్రాయం. తెల్లవారాక బయలుదేరి దీపాలవేళకు ఇల్లు చేరేంత దూరం చాలు. రాత్రి ప్రయాణం ఉండదు, నిద్రలేని డ్రైవరు ఉండడు. మన జిల్లాలన్నిటిలోనూ అంతదూరంలో ఒక కోటో, గుడో, ఆనకట్టో, పత్తిమిల్లో లేకపోలేదు.

లెక్కపెట్టడం గురించి ఒక మాట. తలలు లెక్కపెట్టకండి, పేర్లు పిలవండి. డిసెంబరులో గోల్కొండ దగ్గర నీలంనిక్కర్ల బళ్ళు నాలుగైదు ఒకేసారి దిగుతాయి. లెక్క సరిపోయిందని బస్సు కదిలిస్తుంటే, ‘సార్, మా బడి ఇది కాదు’ అని ఒక పిల్లవాడు లేచి నిలబడ్డాడట, ఒక పొరుగుబడి మాష్టారు చెప్పారు. అంటే వాళ్ళవాడొకడు ఇంకా కోటలోనే ఉన్నాడన్నమాట! పిల్లల్ని ఇద్దరిద్దర్ని జతచేసి, ఒకరికొకర్ని కాపలా పెడితే సగం భారం తగ్గుతుంది.

ఇవన్నీ అనుభవంమీద వచ్చేవే. కాని అనుభవం రావడానికి పిల్లల ప్రాణాలు పణంగా పెట్టనక్కర్లేదు. రెండేళ్ళ బి.ఇడి.లో ఇంటర్న్‌షిప్ పేరుతో నెలల తరబడి బళ్ళకు పంపుతున్నారు. ఆ రోజుల్లో ఒక్కసారి, ఆరితేరిన మాష్టారి వెంట ఒక యాత్రకు పంపి, జాబితా పట్టుకోవడం, బస్సు చూసుకోవడం, బోటువాడితో మాట్లాడటం నేర్పమని మన అధ్యాపకులను కోరుతున్నాను. బళ్ళవారిని కోరేది ఇంకా చిన్నది. బయలుదేరేముందు ఇచ్చే ఆర్డరు కాగితంమీద ఒక్క వాక్యం అదనంగా రాయించండి: దారిలో ఏ కార్యక్రమాన్నయినా రద్దుచేసే అధికారం వెంట వెళ్ళే ఉపాధ్యాయునికి కలదు, అందుకు సంజాయిషీ అడగబడదు. ఈ సంగతి నా సంజాయిషీలోనే చివర రాసి ఇచ్చాను. ఇంతవరకు జవాబు రాలేదు.