దుప్పటి కప్పి ఫోటో దిగితే గది దొరకదు (మూడో భాగం)



అడ్డా కూలీ ఫుట్‌పాత్ మీదికి ఎట్లా వస్తాడో పోయిన భాగంలో రాశాను. ఇవాళ, అక్కణ్నుంచి లేవబోతే ఎవరు అడ్డం నిలబడతారో చూద్దాం.

పాలమూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన. సెంట్రింగ్ పని. కాలు విరిగింది, పని పోయింది, కిరాయి కట్టలేక గదీ పోయింది. ఒక ఆసుపత్రి గేటు బయట పడుకునేవాడు. పింఛను కోసం ఆయన్ని వెంటబెట్టుకుని తిరిగాను. ఒక ఆఫీసులో ఆధార్ తెమ్మన్నారు. ఆధార్ సెంటర్లో అడ్రస్ ప్రూఫ్ తెమ్మన్నారు. ఇంకోచోట కరెంటు బిల్లు అడిగారు. బిల్లే ఉంటే ఈయన గేటు బయట ఎందుకుంటాడు సార్ అంటే, "రూల్ అన్నా, మా చేతుల్ల లేదు" అన్నాడు. రెండు నెలలు! ఆటో కిరాయిలు నావి, నొప్పి ఆయనది.

నిజానికి రూల్ ఉంది, ఆయన పక్షానే ఉంది. గుర్తింపు ఉన్న షెల్టర్ నిర్వాహకులు సర్టిఫికెట్ ఇస్తే ఆధార్‌కు అదే అడ్రస్ ప్రూఫ్. చివరికి ఒక నైట్ షెల్టర్ మేనేజరమ్మ అరగంటలో రాసిచ్చింది. ఆ కాగితంతో ఆధార్, ఆధార్‌తో బ్యాంకు ఖాతా, ఖాతాతో పింఛను దరఖాస్తు. ఆమె జీతం ఎంతో తెలిశాక నాకే సిగ్గేసింది.

ఇదేం ఆమె దయ కాదు. 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్‌లో షెల్టర్ల పథకం చెప్పిందే ఇది: పింఛను, రేషన్, వైద్యం, పిల్లల బడి, అన్నీ షెల్టర్ నుంచే అందాలి. మరి అన్ని శాఖలను ఒకచోట కూర్చోబెట్టడం చేతకాదా? ఎందుకు కాదు! 2017 నవంబర్‌లో ఇవాంకా ట్రంప్ హైదరాబాద్ వస్తోందంటే పోలీసులు, జైళ్ల శాఖ, మున్సిపాలిటీ ఎంత చక్కగా కలిశాయి! అడుక్కునేవాళ్లను రోడ్ల మీంచి ఏరి జైలు ఆవరణల్లోని ఆశ్రమాలకు తోలారు. మనిషిని కనబడకుండా చేయడానికి కుదిరిన సమన్వయం, నిలబెట్టడానికి మాత్రం కుదరదు.

కథ అయిపోలేదు. పెద్దాయనకు కూర్చుని చేసే వాచ్‌మన్ పని దొరికింది. గది వెతికాం. ఓనరమ్మ మంచినీళ్లిచ్చి మరీ అడిగింది, "మీరేంట్లు?" చెప్పాం. "అయ్యో, నిన్ననే వేరేవాళ్లకు మాటిచ్చినం." వారం తర్వాత కూడా టులెట్ బోర్డు అక్కడే వేలాడుతోంది. ఈ గడప దాటించే శాఖ ఏది? మున్సిపాలిటీయే గదులు కిరాయికి తీసుకుని, షెల్టర్ నుంచి బయటికొచ్చేవాళ్లకు తన పేరు మీద ఇవ్వాలి. అది అడగకుండా సమన్వయం గురించి ఎన్ని సదస్సులు పెట్టినా, ఓనరమ్మ అడిగే ప్రశ్న అక్కడే ఉంటుంది.

చలికాలం వస్తే మన హాస్టళ్ల నుంచే దుప్పట్ల టీములు బయల్దేరతాయి. పంచండి, తప్పులేదు. ముఖాల మీద ఫ్లాష్ మాత్రం కొట్టకండి. కానీ ఇంకో పని కూడా ఉంది తమ్ముళ్లూ, చెల్లెళ్లూ. పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు కనీసం ఒక షెల్టర్, ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉండాలని 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ లెక్కన 2011 జనాభాకే హైదరాబాద్‌కు అరవైకి పైగా కావాలి. ఎన్ని నడుస్తున్నాయి? ఎందరికి అడ్రస్ సర్టిఫికెట్లిచ్చారు? ఎందరు గదుల్లోకి మారారు? మీ సర్కిల్ ఆఫీసులో ఈ మూడు ప్రశ్నలతో ఆర్‌టీఐ వేయండి. వచ్చిన జవాబులు నాకు పంపండి, నాలుగో భాగం వాటితోనే రాస్తాను.

పెద్దాయన ఇంకా షెల్టర్‌లోనే ఉన్నాడు. ఆదివారం మళ్లీ గది చూడ్డానికి పోతున్నాం.