భౌతికశాస్త్రపు గడప

సిద్దిపేటనుండి హైదరాబాదునకు రమారమి 100 కిలోమీటర్లు. ఒక బస్సు గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోయి, 40 కిలోమీటర్ల వేగముతో మరలివచ్చినచో సగటు వేగమెంత? పలువురు విద్యార్థులు తడుముకొనకుండ 50 అందురు. అది తప్పు. పోవుటకు 1 గంట 40 నిమిషములు, వచ్చుటకు 2 గంటల 30 నిమిషములు పట్టును. 200 కిలోమీటర్లకు మొత్తము 4 గంటల 10 నిమిషములు. కనుక సగటు వేగము 48. వేగమనగానేమో ఆ విద్యార్థి ఎరుగకపోలేదు. వేగము తగ్గినకొలది కాలము పెరుగునను విలోమానుపాతమే అతనికి పట్టుబడలేదు. అయినను మార్కులు పోవునది భౌతికశాస్త్రములో. నింద పడునదియు దానిమీదనే. ఈ శాస్త్రము తనకు రాదని ఆ బాలుడు అప్పుడే నిశ్చయించుకొనును. ఇంజనీరు కాదగినవాడు ఆ త్రోవనే విడిచిపెట్టును.

తెలంగాణ పాఠశాలలలో ఎనిమిదవ తరగతినుండి భౌతిక రసాయన శాస్త్రములు జీవశాస్త్రమునుండి వేరుపడును. ఈ గడప దాటుటకు గొప్ప గణితమేమియు అక్కరలేదు. నిష్పత్తి, అనుపాతము, దశాంశములు, ఘాతాంకములు, సామాన్య సమీకరణములు, రేఖాచిత్రమును చదువగల నేర్పు ఉన్న చాలును. త్రికోణమితి తరువాత రావచ్చును.

ఘాతాంకముల ప్రయోజనము తెలియుటకు దూరము పోనక్కరలేదు. సిద్దిపేట చెంత చంద్లాపూరులో 2020లో ప్రారంభమైన రంగనాయకసాగరపు సామర్థ్యము 3 టి.ఎం.సి.లు. టి.ఎం.సి. యనగా 100 కోట్ల ఘనపుటడుగులు. 3 టి.ఎం.సి.లు ఇంచుమించు 8.5 కోట్ల ఘనమీటర్లు. ఘనమీటరు నీరు 1,000 కిలోగ్రాములు. ఆ నీటినంతటిని ఒక్క మీటరు పైకెత్తుటకెంత శక్తి కావలెనో లెక్కింపబోయినవాడు సున్నలతోనే అలసిపోవును. నీటి ద్రవ్యరాశిని 8.5 × 10¹⁰ కిలోగ్రాములని వ్రాసికొన్నచో మిగిలిన లెక్క ఒక పంక్తిలో ముగియును.

మైకేల్ ఫారడే గణితమంతగా ఎరుగకయే 1831లో విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొనలేదా యని కొందరు వాదింతురు. నిజమే. కాని ఫారడేకు నిత్యము ప్రయోగశాల అందుబాటులో నుండెను. పుస్తకమును, నల్లబల్లయు తప్ప వేరు సాధనములు లేని బాలునితో ఆయనను పోల్చుట న్యాయము కాదు. అదియునుగాక, ఫారడే భావములకు సమీకరణ రూపమిచ్చుటకు మాక్స్‌వెల్ రావలసివచ్చెను.

సమీకరణముల విషయమున నొక చిత్రము కలదు. గణితపు గంటలో ఎక్స్ విలువను చక్కగా కనుగొను బాలుడే, భౌతికశాస్త్రపు గంటలో ద్రవ్యరాశిని ఘనపరిమాణముచే భాగించిన సాంద్రత వచ్చునని తెలిసియు, ఘనపరిమాణమును రాబట్టలేడు. ఒక సూత్రమునకు మారుగా మూడింటిని వల్లించును. పరీక్షనాడు మూడును కలగాపులగమగును. జూనులో బడి తెరచినపుడు గణితోపాధ్యాయుడు మొదటి రెండు వారములు ఎక్స్‌ను విడిచి, కాలము, దూరము, సాంద్రతలతోనే సమీకరణములు చేయించుట మేలు.