లోపలా బయటా

నగరి చుట్టుపక్కల మామిడి తోపుల్లో చాప పరిచి ఆడే ‘లోపలా బయటా’, సరిహద్దు దాటి అరవ ఊళ్ళలోకి వెళ్తే ‘మంగాత్తా’. గోవాలో మాండవి నది మీద తేలే క్యాసినో ఓడల్లో అదే ‘అందర్ బాహర్’. ఇక్కడ 1974 నాటి రాష్ట్ర గేమింగ్ చట్టం కింద కేసు. అక్కడ 1976 నాటి గోవా చట్టానికి చేసిన సవరణ పుణ్యమా అని ప్రవేశ టికెట్టు, భోజనం, పచ్చగుడ్డ బల్ల!

ఆట మాత్రం ఒకటే. మధ్యలో ఒక ముక్క తెరిచి పెడతారు. అదే విలువున్న ముక్క లోపల ముందు పడుతుందా, బయటా? మొదటి ముక్క అందుకునే పక్కకు గెలిచే అవకాశం సుమారు 51.5 శాతం. అందుకే ఆ పక్క గెలిస్తే క్యాసినో రూపాయికి రూపాయి ఇవ్వదు, కాస్త కోసుకుంటుంది. ఓడ తేలేది ఆ కాస్త మీదే.

రమ్మీది వేరే దారి. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో, పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యపు ఆటేనని 1967లో సుప్రీంకోర్టు చెప్పింది. మూడు ముక్కలాటకు ఆ గౌరవం దక్కలేదు. 2020లో ఆంధ్రప్రదేశ్ ఆన్‌లైన్ రమ్మీనీ నిషేధించింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటిపై 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది.

ఈ సంచిక పేకముక్కల వెంట నడుస్తుంది. గోవా వెళ్ళొచ్చిన వాళ్ళ జేబుల్లో అప్పుడప్పుడూ మార్చుకోవడం మరిచిన చిప్పు ఒకటి మిగిలిపోతుంది. నగరి బస్టాండులో దానికి టీ కూడా రాదు.