ఎర్ర దీపాన్ని ఆర్పితే ఇంజను చల్లబడుతుందా?

మీ స్కూలు బస్సులో డ్రైవరుకు ఎదురుగా ఉండే పలకను ఎప్పుడైనా పరిశీలించారా? అందులో పసుపు, ఎరుపు రంగుల్లో చిన్న చిన్న దీపాలుంటాయి. ఇంజనులో ఏదైనా తేడా వస్తే బస్సులోని కంప్యూటరు ఒక దీపం వెలిగిస్తుంది. ఆ తేడా ఏమిటో అంకెల్లో రాసి దాచుకుంటుంది కూడా. దీన్నే ఫాల్ట్ కోడు అంటారు. బస్సులు, లారీలు చాలా ఉన్న సంస్థలు బండి ఎక్కడుందో తెలుసుకోవడానికి ట్రాకింగ్ పెట్టెలు బిగిస్తాయి. కొన్ని పెట్టెలు ఈ కోడును కూడా ఆఫీసుకు పంపగలవు. డ్రైవరు నోరు విప్పకముందే, ఎక్కడో కూర్చున్న మేనేజరుకు సంగతి తెలిసిపోతుంది!

తెలిశాక ఏం చేయాలి? చిక్కంతా ఇక్కడే ఉంది.

పెద్ద బండ్లలో సాధారణంగా జె1939 అనే పద్ధతి వాడతారు. ఇందులో కోడుకు రెండు ముఖ్యమైన అంకెలు. మొదటిది దేని గురించో చెబుతుంది. రెండవది ఏం జరిగిందో చెబుతుంది. 110 అంటే ఇంజనును చల్లబరిచే నీటి ఉష్ణోగ్రత. దాని పక్కన 0 ఉంటే నీరు ప్రమాదకరంగా వేడెక్కిందన్నమాట. మరి 3 ఉంటే? సెన్సారు నుండి వచ్చే వోల్టేజి ఉండవలసిన దానికన్నా ఎక్కువగా ఉందని అర్థం.

ఈ 3 సంగతి తమాషాగా ఉంటుంది. నీటిలో ఉండే సెన్సారు ఒక రకం నిరోధకం. వేడెక్కిన కొద్దీ దాని నిరోధం తగ్గుతుంది. కంప్యూటరు సాధారణంగా 5 వోల్టుల విద్యుత్తును మరొక నిరోధకం గుండా దీనికి పంపి, సెన్సారు దగ్గర వోల్టేజి ఎంతుందో కొలుస్తుంది. నీరు వేడెక్కితే వోల్టేజి తగ్గుతుంది. ఒకవేళ తీగ తెగిపోతే? విద్యుత్తు పారదు. వోల్టేజి 5 దగ్గరే నిలిచిపోతుంది. ఆ లెక్కన నీరు మంచుకన్నా ఎంతో చల్లగా ఉండాలి! మన ఎండల్లో అది జరిగే పనేనా? అందుకే కంప్యూటరు 'ఇది నీటి సంగతి కాదు, తీగ సంగతి' అన్నట్లు 3 రాస్తుంది.

0 వస్తే బండిని వెంటనే పక్కకు తీసి ఆపాలి. లేకపోతే సిలిండరు హెడ్డు వంకర పోవచ్చు. 3 వస్తే త్వరలో మెకానిక్కుకు చూపించాలి. కాని ఆఫీసు తెర మీద రెండూ ఒకే రకంగా మోగితే? మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్.6 నియమాలు వచ్చాక బండ్లలో సెన్సార్లు పెరిగాయి, వాటితో పాటు కోడ్లూ పెరిగాయి. అన్నీ ఒకే గొంతుతో అరిస్తే 'నాన్నా, పులి' కథే అవుతుంది.

కోడు రాగానే సెన్సారు మార్చేసేవారు కొందరున్నారు. తీగను ఎలుక కొరికితే కొత్త సెన్సారు ఏం చేస్తుంది, పాపం! చిన్న పరికరం తగిలించి కోడును చెరిపేసేవారు మరికొందరు. దీపం ఆరిపోతుంది, నిజమే. తేడా అలాగే ఉంటుంది. పైగా తేడా వచ్చిన క్షణాన బండి వేగమెంత, ఇంజను వేడి ఎంత అన్న వివరాలను కూడా చాలా బండ్లు దాచిపెడతాయి. కోడుతో పాటు అవీ చెరిగిపోతాయి. ఇక మెకానిక్కు దేన్ని చూసి వెతకాలి?

మేనేజర్లంతా నిర్లక్ష్యంగా ఉంటారని నేననను. బస్సు ఆగితే పిల్లలు రోడ్డు పక్కన ఎండలో నిలబడాలి, ఇంకో బస్సు పంపాలి, తల్లిదండ్రులకు జవాబు చెప్పాలి. 'ఈ ఒక్క ట్రిప్పు పూర్తి చేసి రా' అనాలనిపించడం సహజమే. అయినా ఎర్ర దీపం వెలిగినప్పుడు ఆపాలా వద్దా అన్న నిర్ణయం డ్రైవరుదే కావాలని నా అభిప్రాయం. ఆపినందుకు అతని జీతంలో కోత పెట్టకూడదు. కంప్యూటరుకు సెన్సారు చెప్పిందే తెలుసు. నీరంతా కారిపోయి సెన్సారు గాలిలో మిగిలితే అది చూపే వేడి తప్పు కావచ్చు. అప్పుడు పైకి లేచే ఆవిరిని చూసేది, వాసన పట్టేది డ్రైవరే కదా!

రేపు బస్సెక్కినప్పుడు, డ్రైవరుగారు బండి స్టార్టు చేసేటప్పుడు ఒక సంగతి గమనించండి. తాళంచెవి తిప్పగానే హెచ్చరిక దీపాలు ఒకసారి వెలగాలి. ఇంజను అందుకున్నాక ఆరిపోవాలి. ఆరకుండా వెలుగుతూనే ఉంటే ఏదో తేడా ఉన్నట్లే. అసలు వెలగనే వెలగకపోతే, దీపం పాడై ఉండవచ్చు, లేదా ఎవరో దాని తీగ పీకేసి ఉండవచ్చు. అలా కనిపిస్తే డ్రైవరుగారిని అడగండి, ఇంట్లో పెద్దవాళ్లకూ చెప్పండి.