పొరుగింటి పుల్లకూర

భోజనమంటే సూరత్‌లో, మరణమంటే కాశీలో అని గుజరాతీలో ఒక సామెత. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి పవర్‌లూమ్ పనికి వచ్చి లింబాయత్, ఉధనా చుట్టుపక్కల స్థిరపడ్డ మా నేత కుటుంబాలు ఆ సామెతను వచ్చిన మొదటి చలికాలంలోనే ఒప్పుకున్నాయి. సంక్రాంతికి కంద, పెండలం, చిక్కుడు కలిపి నూనెలో మగ్గించిన ఉంధియు, చందీ పడవో పండుగ నాడు నెయ్యి గడ్డకట్టిన ఘారీ, చలి ముదిరితే పచ్చజొన్న వేయించిన పోంక్. పోంక్‌ను మొదటిసారి చేతిలో పోసుకున్న తెలంగాణ రైతుబిడ్డ ఎవరైనా ఇవి మన ఊచబియ్యమే అని గుర్తుపడతాడు. కార్పొరేషన్ తెలుగు మాధ్యమంలో బడి నడిపే ఊరు ఇది. మా పిల్లలకు అక్షరాలూ రుచులూ ఇక్కడ ఒకేసారి అబ్బాయి.

మా అమ్మ చీరలకు లేసు కుట్టేది. కుట్టిన చీరల మూటను ఝాంపా బజారు దగ్గర ఒక బోహ్రా ముస్లింల ఇంటికి చేర్చడానికి ఒకరోజు నన్నూ వెంట తీసుకెళ్ళింది. ఆ ఇంటి పెద్దావిడ పొయ్యి దగ్గర ఉంది. ఉడికిన కందిపప్పును వంచి, పప్పు ఒక గిన్నెలోకీ, కట్టు ఇంకో గిన్నెలోకీ తీసింది. నూనెలో మెంతులు, జీలకర్ర, వెల్లుల్లి వేగాక శనగపిండి వేసి కమ్మటి వాసన వచ్చేదాకా కలియబెట్టింది. ఉండ కట్టకుండా మెల్లగా పప్పుకట్టు పోసింది. మునక్కాడలు వేసింది, సొరకాయ ముక్కలు వేసింది, చివర్న నాలుగు కోకం రెబ్బలు. పక్కన తపేలాలో అన్నం మధ్య ఆ పప్పును పొరగా పరిచి దమ్ముకు పెట్టింది. దీన్ని పాలీదూ అంటామని చెప్పి, ఒక గిన్నెలో పోసి అమ్మ చేతికిచ్చింది.

అమ్మ ఒక గుక్క తాగి నావైపు తిరిగింది. "ఇది మన కట్టుచారే గదరా బిడ్డా! చింతపండు ఒక్కటే లేదు."

తరువాతి వారం చీరల మూటతోపాటు ఒక చింతపండు ముద్ద ఆ ఇంటికి వెళ్ళింది. అటునుంచి కోకం పొట్లం మా ఇంటికి వచ్చింది. ఇప్పటికీ మా ఇంట్లో ఎండాకాలం చారు కోకంతోనే కాస్తాం.

భారత వంటకూ పాకిస్తాన్ వంటకూ పోలికలేమిటి, తేడాలేమిటి అని ఎవరడిగినా నాకు ముందు ఆ గిన్నె గుర్తొస్తుంది. దావూదీ బోహ్రాల విద్యాపీఠం జామియా సైఫియా 1814లో ఈ సూరత్‌లోనే మొదలైంది. 1983లో కరాచీలో దానికి ఇంకో ప్రాంగణం ఏర్పడింది. రెండు ఊళ్ళలోనూ ఒక పెద్ద పళ్ళెం చుట్టూ ఎనిమిది మంది కూర్చుంటారు. ముందు చిటికెడు ఉప్పు నాలుకకు తగిలించుకుని భోజనం మొదలుపెడతారు. రెండు ఊళ్ళలోనూ పాలీదూ పాలీదూయే. మరి అది ఏ దేశం వంట?

ఆ ప్రశ్నకు పెద్దగా వయసు కూడా లేదు. సింధ్ ప్రాంతం 1936 దాకా బొంబాయి ప్రెసిడెన్సీలో భాగం. అంటే సూరత్‌నూ కరాచీనీ అప్పటిదాకా ఏలింది ఒకే ప్రభుత్వం. రెండూ అరేబియా సముద్రం వైపు తలుపు తెరుచుకున్న ఊళ్ళే. ఒకే కచేరీ, ఒకే సముద్రం ఉన్నచోట వంటలు వేరెలా అవుతాయి?

తాపీ నది అవతలి ఒడ్డున రాందేర్ ఉంది. రంజాన్ నెలలో సాయంత్రం పూట ఆ వీధుల్లో ఖావ్‌సా అమ్ముతారు. నూడిల్స్ మీద కొబ్బరిపాలు, శనగపిండి కలిపిన చిక్కని పులుసు, మాంసం, ఆ పైన వేయించిన ఉల్లి, వెల్లుల్లి, కారం, నిమ్మరసం. పేరూ వంటా రెండూ బర్మావి. రాందేర్ సున్నీ వోరా వర్తకులు తరాల తరబడి రంగూన్‌లో వ్యాపారం చేశారు. అక్కడ సూర్తీ బజారు వెలసింది, సూర్తీ మసీదు వెలసింది. ఇంటికి తిరిగొచ్చినప్పుడు నాలుక మీద ఈ రుచి మోసుకొచ్చారు. ఇదే వంట కరాచీలో మేమన్‌ల ఇళ్ళలో ఖావ్‌సే అయింది. అక్కడ చాలా ఇళ్ళలో కొబ్బరిపాల చోట పెరుగు, శనగపిండి కలిపిన కఢీ పోస్తారు. పైన ఆలూ చిప్స్ నలిపి చల్లుతారు. రంగూన్ నుంచి వచ్చిన గిన్నె ఒకటే. ఒక ఒడ్డున కొబ్బరిపాలు, ఇంకో ఒడ్డున పెరుగు.

తెలుగువాళ్ళకు రంగూన్ పరాయి ఊరు కాదు. ఉత్తరాంధ్ర తీరం నుంచి, గోదావరి మొగ నుంచి వేలమంది ఓడలెక్కి వెళ్ళారు. కోరంగి రేవు నుంచి వచ్చినవాళ్ళు కాబట్టి అక్కడ తెలుగువాళ్ళందరికీ కోరంగీలనే పేరు పడింది. సూర్తీ షావుకారు దించుకున్న సరుకు మోసిన భుజాల్లో మనవీ ఉన్నాయి. 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు అడవుల గుండా నడిచొచ్చినవాళ్ళలోనూ, 1962 తరువాత సైనిక ప్రభుత్వం వ్యాపారాలు లాక్కున్నప్పుడు కట్టుబట్టలతో ఓడ దిగినవాళ్ళలోనూ మనవాళ్ళున్నారు. ఒకే ఊరు వదిలి వచ్చిన ముగ్గురు ఇప్పుడు రాందేర్‌లో ఒకరు, కరాచీలో ఒకరు, విశాఖలో ఒకరు. ముగ్గురి జ్ఞాపకంలోనూ ఆ వంట వాసన ఉంటుంది.

రాందేర్ రోడ్డు మీదే రామ్‌నగర్ ఉంది. విభజన తరువాత వచ్చిన సింధీల పేట. అక్కడ ఆదివారం మధ్యాహ్నం వండే సింధీ కఢీ చూస్తే తెలుగు ఇల్లాలు నిలబడిపోతుంది. అందులో పెరుగు ఉండదు. శనగపిండిని నూనెలో ఎర్రగా వేయించి, నీళ్ళు పోసి, చింతపండు పిండి, బెండకాయ, మునక్కాడ, ఆలుగడ్డ, కరివేపాకు వేసి మరిగిస్తారు. అన్నంలో పోసుకుని తింటారు. పిండి కలిపిన మన ముక్కల పులుసుకు అది తోబుట్టువు. పంజాబీ కఢీలో పెరుగూ శనగపిండీ కలిసి పకోడీలు తేలుతాయి. అది మన మజ్జిగ పులుసుకు దగ్గరి చుట్టం. పంజాబ్ సగం అటుంది, సగం ఇటుంది. సింధ్ మొత్తం అటే ఉంది. రెండు కఢీలూ మాత్రం మన పంక్తిలోనే కూర్చున్నాయి.

పులుపును బట్టి ఒక పటం గీస్తే ఎలా ఉంటుందో చూడండి. తెలుగునాట చింతపండు, గోంగూర. సూరత్‌లో కోకం, పక్కనే కాస్త బెల్లం. సింధ్‌లో మళ్ళీ చింతపండు. లాహోర్‌లోనూ అమృత్‌సర్‌లోనూ పెరుగు, టమాటా. పెషావర్ చప్లీ కబాబ్‌లో ఎండు దానిమ్మ గింజలు. కరాచీలో వండే సింధీ బిర్యానీలో ఎండు ఆలూబుఖారా. ఈ పటం మీద వాఘా సరిహద్దు ఎక్కడుందో వెతికితే దొరకదు. ఏ నీటికి ఏ చెట్టు పెరిగితే ఆ పులుపు ఆ పొయ్యికి చేరింది.

అలాగని అంతా ఒకటే అనేసి చేతులు కడుక్కోలేం. అలా అంటే అటు వండేవాళ్ళకూ ఇటు వండేవాళ్ళకూ అన్యాయం చేసినట్టే. తేడాలున్నాయి, పెద్దవే ఉన్నాయి. బలూచీ సజ్జీ అంటే మాంసానికి ఉప్పు పట్టించి నిప్పుల పక్కన గంటల తరబడి కాల్చడం. పఠాన్ల వంటలో ఉప్పు, కొవ్వు, మంచి మాంసం ఉంటే చాలు. మిరపకాయను రోట్లో వేసి నూరనిదే ముద్ద దిగని మనకు అది వేరే లోకం. మినప్పిండి పులియబెట్టి ఇడ్లీ, దోసె పోసే విద్య వాళ్ళ ఇళ్ళలో లేదు. శాకాహారాన్నే నియమంగా పెట్టుకున్న వంటిళ్ళు, దుంపలూ ఉల్లీ తాకని జైనుల వంటిళ్ళు, గుడి ప్రసాదాల సంప్రదాయం ఇటువైపు విస్తరించినంతగా అటువైపు మిగల్లేదు. అక్కడ కూరగాయ తరచు మాంసంతో జతకడుతుంది: ఆలూ గోష్త్, పాలక్ గోష్త్. గోంగూర మాంసం, చింతచిగురు మాంసం వండే మనకు ఆ జత కొత్తేమీ కాదు. ఢిల్లీ నుంచి వెళ్ళినవాళ్ళు కరాచీకి పట్టుకెళ్ళిన నిహారీ అక్కడ పెద్దమాంసంతో ఉదయం పూట తినే వంటగా స్థిరపడింది. హైదరాబాద్ కచ్చీ బిర్యానీలో పచ్చిమాంసం, సగం ఉడికిన బియ్యం కలిసి దమ్ములో ఉడుకుతాయి. కరాచీ బిర్యానీలోకి ఆలుగడ్డ, టమాటా కూడా దిగాయి.

ఈ తేడాల్లో కొన్ని నేల ఇచ్చినవి, కొన్ని మతం ఇచ్చినవి. ఇంకొన్నిటిని మాత్రం 1947 ఇచ్చింది. ఆ ఏడు గీసిన గీత పొయ్యి జోలికి పోలేదు. పొరుగును తీసేసింది. లాహోర్‌లో ఉల్లీ వెల్లుల్లీ లేకుండా వండే పక్కింటి హిందూ వంటిల్లు పోయింది. కరాచీలో సింధీ హిందువు పోయాడు. అతను ఉల్లాస్‌నగర్‌లో తేలాడు, మా రామ్‌నగర్‌లో తేలాడు. పెషావర్ నుంచి కుందన్ లాల్ గుజ్రాల్ ఢిల్లీ దరియాగంజ్ చేరి మోతీ మహల్‌లో తందూరు రాజేశాడు. ఇవాళ సూరత్ నుంచి హైదరాబాద్ దాకా హోటళ్ళలో ఉత్తరాది వంట అని మనం తినేదానికి చాలావరకు దారి అక్కడే పడింది. రుచి పోలేదు, ఇల్లు మారింది. పోయిందల్లా గోడ మీంచి గిన్నె అందుకునే చెయ్యి.

మన సంగతీ అంతే. 1948 తరువాత హైదరాబాద్ నుంచి వెళ్ళిన కుటుంబాలు కరాచీలో ఒక పేట కట్టుకున్నాయి. దాని పేరు హైదరాబాద్ కాలనీ. పచ్చళ్ళకు ఆ పేట పెట్టింది పేరు. బగారా బైంగన్, మిర్చీ కా సాలన్, ఖట్టీ దాల్ అక్కడ ఇంటింటి వంటలు. ఖట్టీ దాల్ అంటే చింతపండు పిండి కరివేపాకు తాలింపు పెట్టిన మన పప్పుపులుసే. అంబాడా అంటే గోంగూరే. గోంగూర తెలుగువాడి సొత్తు అని మనం గర్వంగా చెప్పుకుంటాం. మన భాష రాని ఇళ్ళు కూడా దాన్ని తమ తల్లిగారి ఊరి గుర్తుగా దాచుకున్నాయి.

ఊళ్ళ పేర్లు కూడా అటూ ఇటూ దాటాయి. సింధ్ నుంచి వచ్చిన ఖాన్‌చంద్ రమ్నానీ 1953లో హైదరాబాద్ మొజంజాహీ మార్కెట్ దగ్గర పెట్టుకున్న బేకరీకి కరాచీ పేరు పెట్టుకున్నాడు. కరాచీలో తయారయ్యే షాన్ మసాలా పొట్లాల మీద బొంబాయి బిర్యానీ అని ఉంటుంది. డల్లాస్‌లోనో దుబాయ్‌లోనో ఉన్న తెలుగు పిల్లలు ఆ పొట్లంతోనే ఆదివారం బిర్యానీ వండుకుంటారు. ఊరు పోగొట్టుకున్నవాడు ఆ పేరును తిండికి పెట్టి పిలుచుకుంటాడు.

2025 ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని చంపారు. ఆ ఇళ్ళలో పొయ్యి వెలగని రోజులను తలుచుకుంటే ఏ మాటా రాదు. హంతకుల మీద, వాళ్ళను పోషించినవాళ్ళ మీద కోపం న్యాయమైనది. మే నెల మొదట్లో మన ప్రభుత్వం పాకిస్తాన్ నుంచి వచ్చే సరుకులన్నిటినీ నిషేధించింది. అది రాజ్యం తీసుకున్న నిర్ణయం, దాని కారణాలు దానికున్నాయి. అదే నెలలో శంషాబాద్‌లో కరాచీ బేకరీ మీద కొందరు దాడి చేశారు. జైపూర్‌లో కొన్ని మిఠాయి కొట్లు మైసూర్ పాక్ పేరు మార్చాయి. ఇవి చూసి బాధపడ్డాం. ఆ బేకరీ పెట్టినవాడు విభజన దెబ్బ తిని మన దగ్గరికి వచ్చిన మనిషి. ఆ పాక్ మన అమ్మమ్మలు తీగపాకం, ముదురుపాకం అని వేళ్ళ మధ్య చూసుకున్న పాకం. భాష తెలిసినవాళ్ళు ఇలాంటప్పుడు నోరు విప్పకపోతే ఎప్పుడు విప్పుతారు?

ఉపవాసం రోజున మన ఇళ్ళలో వాడే సైంధవ లవణం పేరులోనే సింధు ఉంది. తరతరాలుగా ఆ రాతి ఉప్పు ఎక్కువగా వచ్చింది ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న ఖేవ్రా గనుల నుంచి. ఆ ఉప్పు ఆపితే ఆగుతుంది. మాటలోంచి సింధును తీయడం ఎవరి తరమూ కాదు.

పొరుగింటి పుల్లకూర రుచి అని మనకో సామెత. పక్కవాడి సొమ్ము మీద ఆశ పడేవాణ్ణి దెప్పడానికి వాడుతుంటాం. సూరత్‌లో ఇన్నేళ్ళు బతికాక నాకు అందులో ఇంకో అర్థం వినపడుతోంది. పుల్లకూరకు ఆ రుచి రావాలంటే ముందు పొరుగిల్లు ఉండాలి. దాని తలుపు తెరిచి ఉండాలి. గిన్నె ఖాళీగా తిరిగి పంపకూడదన్న మర్యాద రెండు వైపులా ఉండాలి. దేశాల మధ్య ఆ మర్యాద ఎప్పటికి వస్తుందో మన చేతిలో లేదు. వీధిలో, అపార్టుమెంటులో, మగ్గాల షెడ్డు పక్కన వరుస ఇళ్ళలో అది మన చేతిలోనే ఉంది.

పాఠకులకు ఒక విన్నపం. మీ ఇంటి పులుసు ఎవరి దగ్గర నేర్చుకున్నారో రాసి పంపండి. రంగూన్ వెళ్ళొచ్చిన తాత ఉన్నా, సింధీ పొరుగు ఉన్నా, కరాచీలో పెద్దమ్మ ఉన్నా రాయండి. కొలతలు ముఖ్యం కాదు. ఎవరు చెప్పారు, ఏ వాకిట్లో నిలబడి విన్నారు, బదులుగా మీరేం ఇచ్చారు, ఇవి రాయండి. మేం అచ్చు వేస్తాం. మా వంతుగా, ఝాంపా బజారుకు వెళ్ళిన ఒక చింతపండు ముద్ద సంగతి ఈ పేజీలో ముందే రాసేశాం.