బ్యాటరీకీ పరీక్షలు!

పిల్లలూ! ఏటేటా మీకు పరీక్షలు వస్తాయి గదా? మీ ఇంట్లో సెల్‌ఫోనులో ఉన్న బ్యాటరీ కూడా పరీక్షలు వ్రాసి ప్యాసు కావలసిందేనని మీకు తెలుసునా? మీరు తప్పితే మళ్ళీ వ్రాసుకోవచ్చు. బ్యాటరీ తప్పితే ఇల్లే అంటుకోవచ్చు. అందుచేత దాని పరీక్షలు మీ పరీక్షల కన్న చాలా కఠినంగా ఉంటాయి.

పూర్వం కర్నూలు, కడప సీమల్లో జొన్నలను నేలలో పాతర వేసి దాచేవారు. పాతర తీసిన రోజున తొందరపడి లోపలికి దిగితే ప్రాణానికే ముప్పు. ఎందుకంటే, మూసి ఉన్న గోతిలో చెడ్డ గాలి నిలవ ఉంటుంది. అనుభవం గల పెద్దలు ముందు దీపం దించి చూచేవారు. దీపం ఆరిపోతే మనిషి దిగడు.

ఈనాడు మనం గింజలనే కాదు, ఎండను కూడా దాచుకోవాలని చూస్తున్నాం. కర్నూలు సమీపాన ఓర్వకల్లు, గడివేముల మండలాల్లో 1000 మెగావాట్ల సౌర విద్యుత్కేంద్రం 2017లో పూర్తి అయింది. పగటి ఎండతో పుట్టిన విద్యుత్తు రాత్రికి కావాలంటే దానికీ ఒక పాతర ఉండాలి. అటువంటి పాతరల్లో ఒకటి లిథియం-అయాన్ సెల్లు. సెల్లులు కొన్ని చేరితే బ్యాటరీ అవుతుంది.

సెల్లు లోపల రెండు పల్చని రేకులుంటాయి. ఒక దానికి లిథియం గల పదార్థం పూసి ఉంటుంది. రెండవ దానికి గ్రాఫైటు పూస్తారు. మీ పెన్సిలు ములుకులో ఉండేది ఇదే. రెంటికీ నడుమ తల వెంట్రుక కన్న పల్చని ప్లాస్టిక్ పొర అడ్డంగా ఉంటుంది. చార్జి చేసినప్పుడు లిథియం అయాన్లు ఆ పొరలోని సన్నని రంధ్రాల గుండా గ్రాఫైటులోకి పోయి దాక్కుంటాయి. మనం వాడుకునేటప్పుడు తిరిగి వస్తాయి. ఆ పొర చిరిగిందా, రెండు ప్రక్కలూ ఒకదానికొకటి తగిలి, క్షణంలో వేడి పుడుతుంది. ఆ వేడి మరింత వేడిని పుట్టిస్తుంది. చివరకు మంట లేస్తుంది.

జపాను దేశపు శాస్త్రజ్ఞుడు అకీరా యోషినో 1986లో తాను చేసిన బ్యాటరీ మీద పెద్ద ఇనుప దిమ్మను పడవేయించాడు. ఏమీ జరగలేదు! శుద్ధమైన లిథియం లోహం ఉన్న బ్యాటరీ మీద అదే విధంగా పడవేయిస్తే పెద్ద పేలుడు సంభవించింది. ఈ పరీక్షలో నెగ్గిన తరువాతనే, 1991లో, ఇటువంటి బ్యాటరీలు అంగళ్ళకు వచ్చాయి. 2019లో యోషినోకు మరి ఇద్దరితో కలిపి రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమానం ఇచ్చారు.

సెల్లుకు పరీక్షలు రెండు రకాలు. మొదటిది శక్తి పరీక్ష. సెల్లును సాధారణంగా 4.2 వోల్టుల దాకా నింపి, ఒకే వేగంతో ఖాళీ చేస్తూ ఎన్ని గంటలు పనిచేసిందో లెక్కిస్తారు. ఇట్లా వందల సార్లు నింపుతారు, ఖాళీ చేస్తారు. మొదట్లో పట్టిన దానిలో నూటికి 80 వంతులు మాత్రమే పట్టే స్థితి వస్తే, సెల్లు ముసలిదయిందని చెబుతారు.

రెండవది భద్రత పరీక్ష. సెల్లు రెండు కొనలనూ తీగతో కలిపి షార్టు సర్క్యూటు చేస్తారు. 130 డిగ్రీల సెంటీగ్రేడు వేడి గల పొయ్యిలో పెడతారు. సెల్లు మీద అడ్డంగా ఉక్కు కడ్డీ ఉంచి, 61 సెంటీమీటర్ల ఎత్తు నుంచి 9.1 కిలోల బరువును పడవేస్తారు. తరువాత ఆరు గంటల పాటు కనిపెట్టి చూస్తారు. సెల్లు వంగవచ్చు, పాడు కావచ్చు. కాని మంట మాత్రం లేవకూడదు. ఈ పరీక్షలు చేసే గదులు ప్రత్యేకంగా కట్టినవి. మీరు ఇంట్లో సెల్లును కొట్టి, పొడిచి, వేడిచేసి చూడబోకండి సుమా!

ఇంత జాగ్రత్త దేనికంటారా? 2022 ఏప్రిల్ నెలలో నిజామాబాదులోనూ, విజయవాడలోనూ రాత్రివేళ ఇంట్లో చార్జికి పెట్టిన స్కూటరు బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. ఆ సంవత్సరం దేశంలో ఇంకా చాలాచోట్ల స్కూటర్లు తగలబడ్డాయి. ప్రభుత్వం నియమాలను కఠినం చేసి, 2022 డిసెంబరులో కొన్నిటినీ, 2023 మార్చి ఆఖరున మిగిలిన వాటినీ అమలులో పెట్టింది. ఇప్పుడు ఒక సెల్లును కావాలనే మితిమీరి వేడెక్కించి, ఆ వేడి ప్రక్క సెల్లులకు పాకి బ్యాటరీ అంటుకుంటుందేమో చూడాలి.

మన సీమవారు మరొక సంగతి గుర్తుంచుకోవాలి. ఇటువంటి సెల్లులను చాలావాటిని 45 డిగ్రీలకు మించిన వేడిలో చార్జి చేయరాదు. మే నెలలో కర్నూలులో, కడపలో నీడపట్టునే ఒక్కొక్క రోజు ఇంచుమించు అంత వేడి ఉంటుంది. ఇక ఎండలో నిలిపిన స్కూటరు సంగతి చెప్పాలా? కాబట్టి ఎండలోంచి రాగానే చార్జికి పెట్టకండి, చల్లారనివ్వండి. ఫోనును దిండు క్రింద పెట్టి చార్జి చేయకండి. స్కూటరు బ్యాటరీని పడక గదిలోగాని, వాకిలికి అడ్డంగా గాని ఉంచవద్దని పెద్దలకు చెప్పండి. ఉబ్బిన బ్యాటరీని క్షణం కూడా వాడరాదు. కొత్తది కొనేటప్పుడు దాని మీద ఐ.ఎస్. 16046 అన్న ప్రమాణం గుర్తు ఉన్నదేమో చూడండి. పాతరలోకి దించే దీపం వంటిదే ఆ గుర్తు.

ఇప్పుడొక లెక్క. కొత్తగా ఉన్నప్పుడు ఒక సెల్లులో 2500 మిల్లీ ఆంపియర్-గంటల విద్యుత్తు పట్టేది. కొంతకాలం వాడిన తరువాత దానిని నిండుగా చార్జి చేసి, 500 మిల్లీ ఆంపియర్ల చొప్పున ఖాళీ చేస్తే సరిగ్గా 4 గంటలు వచ్చింది. ఆ సెల్లు ఇంకా పడుచుదా, ముసలిదా? మీరే లెక్కకట్టి, అమ్మకూ నాన్నకూ చెప్పండి.